సోయాకు పేచీ మాత్రతోనే

అందరికీ నమస్కారం.

థైరాయిడ్ ఉందని తేలిన రోజే వద్దుల చిట్టా మొదలవుతుంది. అందులో మొదటి పేరు సోయా. ఎందుకు వద్దని అడిగితే 'అందరూ అంటున్నారుగా' అంటారు. ఈ మాట గాల్లోంచి మాత్రం ఊడిపడలేదు.

1950ల చివర్లో సోయా పిండితో చేసిన డబ్బా పాలు తాగిన కొందరు పసిపిల్లలకు గాయిటర్ వచ్చింది, అంటే గొంతు దగ్గర గ్రంథి ఉబ్బింది. ఆ పాలలో అయోడిన్ కలిపేవారు కాదు. 1960ల్లో కలపడం మొదలుపెట్టాక ఆ కేసులు దాదాపు కనుమరుగయ్యాయి. భయం మాత్రం మిగిలిపోయింది.

దానికి 1997లో మరో ఊతం దొరికింది. సోయాలోని జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఐసోఫ్లేవోన్లు (మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు) థైరాయిడ్ హార్మోన్ తయారీకి కావలసిన ఎంజైమును అడ్డుకుంటాయని ప్రయోగశాలలో తేలింది. తర్వాత ఎలుకలకు పెట్టి చూస్తే ఎంజైము పని తగ్గింది గానీ, హార్మోన్ మాత్రం మామూలుగానే ఉంది. ఈ రెండో ముక్క ఎవరూ ప్రచారం చెయ్యరు! మనుషుల మీద జరిగిన 18 పరీక్షలను కలిపి 2019లో విశ్లేషిస్తే థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4 మారలేదు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చెయ్యమని తరిమే హార్మోన్, థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఇది పెరుగుతుంది) ఓ పిసరు పెరిగింది, అంతే.

కాబట్టి అయోడిన్ సరిపడా అందుతున్న పెద్దవాళ్లకు సోయా వల్ల గ్రంథి పాడవుతుందని నేను చెప్పను. అసలు పేచీ మనం మింగే మాత్రతో. థైరాయిడ్ హార్మోన్ లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర మైక్రోగ్రాముల లెక్కలో ఉంటుంది. అది చిన్న పేగులో రక్తంలోకి ఎక్కాలి. అదే సమయానికి సోయా అక్కడ చేరితే మందులో కొంత ఒంటికి పట్టకుండా పోతుంది. మాత్ర రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ ఎందుకు దిగట్లేదని తల పట్టుకునేవాళ్లు ఒకసారి సోయా పాలు ఎప్పుడు తాగుతున్నారో చూసుకోవాలి. కాఫీ, ఐరన్, కాల్షియం మాత్రలూ ఇదే పని చేస్తాయి, వాటిని మాత్రం ఎవరూ తిట్టరు.

పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి టిఫిన్ చెయ్యాలి. సోయాను ఇంకా దూరం జరిపి మధ్యాహ్నానికో రాత్రికో పెట్టుకుంటే మేలు. వారంలో ఒకరోజు కుంభాలు లాగించి, మిగతా రోజులు మానేసే పద్ధతి మంచిది కాదు. రోజూ ఒకే తీరున తింటే డాక్టరు దానికి తగ్గట్టు డోసు సరిచేయగలరు. తిండిలో పెద్ద మార్పు చేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు రక్తపరీక్ష చేయించుకోండి.

బోర్డర్‌లైన్ అని, అంటే టీఎస్‌హెచ్ కాస్త పెరిగినా హార్మోన్ ఇంకా మామూలుగానే ఉందని డాక్టరు చెప్పినవాళ్లు, ఇంకా మాత్ర మొదలుపెట్టనివాళ్లు కాస్త జాగ్రత్తగా వినండి. 2011లో ఇలాంటి 60 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు 16 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఎనిమిది వారాలు తీసుకున్న దశలో ఆరుగురికి పూర్తి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ హార్మోన్ చాలని స్థితి వచ్చింది. అదే అధ్యయనంలో రక్తపోటు తగ్గింది కూడా. చిన్న అధ్యయనమే, అయినా కొట్టిపారేయలేం. ఈ గుంపులో ఉన్నవాళ్లు సోయా పొడులు, ఐసోఫ్లేవోన్ గుళికలు సొంతంగా మొదలుపెట్టొద్దు.

చివరగా పసిపిల్లల మాట. పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకు సోయా డబ్బా పాలు పడితే మందు డోసు పెంచాల్సి రావచ్చు. పాలు మార్చిన రోజే డాక్టరుకు చెప్పండి. మళ్లీ పాత పాలకు వచ్చినప్పుడూ చెప్పాలి, ఎందుకంటే అప్పుడు ఆ పెంచిన డోసే ఎక్కువైపోతుంది.