లాయర్‌ని కలిసిన మొదటి అరగంటలో ఏం గమనించాలి?

నమస్తే అండీ. నోటీసు చేతికి రాగానే మనలో చాలామంది కంగారులో ఎవరో చెప్పిన లాయర్ దగ్గరికి పరిగెత్తుతాం. "మీరే చూసుకోండి సార్" అని ఫైలు అప్పజెప్పి వచ్చేస్తాం. నేనూ ఒకసారి అలాగే చేశాను.

ఇంటి ఒప్పందం మీద గొడవ అది. మొదట కలిసిన లాయర్ ఒప్పందం రెండో పేజీ కూడా తిప్పలేదు. "టెన్షన్ పడకండి, కేసు మనదే" అన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. మనసు ఆగక తర్వాత ఇంకొకరిని కలిశాను. ఆవిడ నోటీసు చదివి, "ఇది వచ్చిన కవరు ఏది?" అని అడిగారు. పారేశానని చెప్పాను. "దాని మీద ముద్రే కదండీ, మీకు ఎప్పుడు అందిందో చెప్పేది! జవాబుకి గడువు లెక్కపెట్టాలంటే ఆ తేదీ కావాలి" అన్నారు. ఆ తర్వాత ఒప్పందంలో ఒక షరతు మీద వేలు పెట్టి, "ఇక్కడ మీ సంతకం ఉంది. మనల్ని ఇబ్బంది పెట్టేది ఇదే" అన్నారు. వినడానికి కష్టంగానే ఉంది. కానీ నా కేసేంటో నాకు అర్థమైంది ఆ రోజే.

అందుకే చెబుతున్నాను, మన కేసులో లోపం ఎక్కడుందో మొదటి రోజే చెప్పే లాయర్‌ని వదులుకోకండి. అవతలి లాయర్ ఎలాగూ దాన్నే పట్టుకుంటారు. "గ్యారంటీగా గెలిపిస్తాను" అన్న మాట విని మాత్రం ఫీజు కట్టకండి. తీర్పు లాయర్ చేతిలో ఉండదు.

ఆస్తి తగాదాలు చూసే లాయర్ క్రిమినల్ కేసులో అంతే గట్టిగా ఉండాలని లేదు. ఇలాంటివి ఈమధ్య ఎన్ని చూశారో మొహమాటం లేకుండా అడగండి. అవతలివాళ్లకి ఎప్పుడైనా పనిచేశారా అని కూడా అడగాలి. వాయిదాకి సీనియర్ వస్తారా, జూనియర్ వస్తారా? జూనియర్ వస్తే తప్పేం లేదు, మనకి ముందే తెలియాలి అంతే.

ఫీజు గంటల లెక్కనా, కేసు మొత్తానికి ఇంత అనా, ఖర్చులు అందులో కలిసి ఉన్నాయా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. కేసు గెలిస్తే వచ్చే డబ్బులో లాయర్ వాటా తీసుకునే పద్ధతి అమెరికాలో ప్రమాద పరిహారం కేసుల్లో మామూలే, ఇండియాలో మాత్రం లాయర్లకి నిషేధం.

ఫీజు కట్టే స్తోమత లేకపోతే చాలా దేశాల్లో ఉచిత న్యాయ సహాయం ఉంది. ఊరికే వచ్చే లాయర్ కదా అని చులకన చేయకండి. అమెరికాలో గిడియన్ అనే ఆయనకి దొంగతనం కేసులో లాయర్‌ని ఇవ్వమంటే కోర్టు కుదరదంది. తనే వాదించుకున్నాడు, 5 ఏళ్ల శిక్ష పడింది. జైలు నుంచే చేత్తో రాసి సుప్రీంకోర్టుకి పిటిషన్ పెట్టాడు. లాయర్‌ని ఇవ్వాల్సిందేనని 1963లో తీర్పు వచ్చింది. అదే ఏడాది మళ్లీ విచారణ జరిగింది. కోర్టు నియమించిన లాయర్ ప్రధాన సాక్షిని నిలదీశాక, జ్యూరీ గిడియన్‌ని నిర్దోషిగా వదిలేసింది.

కలవడానికి వెళ్లేముందు, ఏ తేదీన ఏం జరిగిందో ఒకే పేజీలో రాసుకోండి. మనకి నష్టం చేసే విషయమైనా సరే, దాచకండి. లాయర్‌కి జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి. కోర్టుకి ఒరిజినల్ కావాల్సి వస్తే, ఏ కాగితం ఎప్పుడు ఇచ్చారో రాసి సంతకం పెట్టించుకుని ఇవ్వండి.