అమ్మమ్మ పేరు ఏ కాగితంలో ఉంది?

అందరికీ నమస్కారం. కుటుంబ చరిత్ర రాద్దామనుకునే వాళ్లు మామూలుగా తాత దగ్గర మొదలుపెడతారు. పట్టా ఆయన పేరు మీద ఉంటుంది, గోడ మీద ఫొటో ఆయనది. అమ్మమ్మ సంగతికొచ్చేసరికి "ఆవిడకేముంది, ఇల్లు చూసుకునేది" అని తేల్చేస్తారు. నాట్లు, కలుపులు, పాడి, పురుళ్లు అన్నీ ఆ "చూసుకునేది"లోనే కలిసిపోతాయి. వాటికి రికార్డు లేదు. ఉన్న కాస్త రికార్డు ఎక్కడ దొరుకుతుందో ఇవాళ చెప్తాను.

ముందు పేరు. 1951-52 తొలి సాధారణ ఎన్నికలప్పుడు దేశం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలోంచి తీసేశారు. సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యని, ఫలానా వారి కూతుర్నని రాయించుకున్నారు మరి. ఇది ఎక్కువగా ఉత్తరాదిలో జరిగింది. మన చిక్కు వేరు. అత్తగారిదీ కోడలిదీ ఒకే పేరైతే కోడలి పేరు మార్చేసిన ఇళ్లున్నాయి. ఇంటిపేరు ఎలాగూ మారుతుంది. కాబట్టి రెండు ఇంటిపేర్లూ, పిలుపు పేరూ రాసుకుని బయల్దేరండి.

తర్వాత వయసు. ఆధార్ ప్రకారం మన ముసలమ్మలు చాలామంది జనవరి 1నే పుట్టారు! నమ్మకండి. "ధాత నామ సంవత్సరంలో పుట్టా" అంటే 1936 ఉగాదికీ 1937 ఉగాదికీ మధ్య. అదీ గుర్తులేకపోతే, తెలంగాణలో పోలీసు యాక్షన్ నాటికి ఎంత పిల్లవో, దివిసీమలో ఉప్పెన నాటికి ఎంతమంది పిల్లలో అడగండి. మొదటిది 1948 సెప్టెంబరు, రెండోది 1977 నవంబరు.

అసలు గని రిజిస్ట్రేషన్ ఆఫీసు. మా అమ్మమ్మ వేలిముద్ర అక్కడ దొరికింది, అన్నదమ్ములకు హక్కు విడుదల దస్తావేజు రాసిచ్చినప్పటిది. చదువురాని ఆడవాళ్లు కాగితంలోకి ఎక్కేది చాలాసార్లు ఏదో వదులుకునేటప్పుడే. అయినా అందులో తండ్రి పేరు, భర్త పేరు, వయసు, ఊరు, సర్వే నంబరు, సాక్షులు అన్నీ ఉంటాయి. ఎందుకు వదులుకుందన్నది మాత్రం ఉండదు. దానికి తేదీ చూడాలి. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణతో వచ్చింది, అదీ అప్పటికే పెళ్లయిన వాళ్లకు కాదు. వాటా లేని మనిషి చేత విడుదల ఎవరూ రాయించుకోరు కదా! "పసుపు కుంకుమలు పెళ్లప్పుడే ఇచ్చేశాం" అని నోటితో ఎంత చెప్పినా, ఆ వేలిముద్ర అడిగారంటే ఆవిడకు హక్కుందని వాళ్లకూ తెలుసన్నమాట.

పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలానికి చాలాసార్లు కాగితమే ఉండదు. అప్పుడు పక్క పొలం దస్తావేజు తీయించండి. హద్దుల్లో "తూర్పు: సుబ్బమ్మ చేను" అని కనిపించొచ్చు. ఆవిడ పేరు రాయాలని ఎవరూ అనుకోలేదు, గట్టు చెప్పడానికి రాశారంతే.

1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకు ఈసీలు, అంటే ఒక ఆస్తి మీద ఏయే దస్తావేజులు రాశారో చెప్పే పత్రాలు, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోనే. అక్కడ ఆస్తిని బట్టే కాక పేర్లను బట్టి కూడా సూచిక ఉంటుంది, రుసుము కడితే భూమి దస్తావేజుల నకళ్లు ఎవరికైనా ఇస్తారు. తెలంగాణ వాళ్లు 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ సర్వే నంబరు ఎవరిదో, సాగు ఎవరిదో రాసిన ఊరి భూమి రికార్డు, తప్పకుండా చూడండి. పట్టాదారు పేరు దగ్గరే ఆగిపోకుండా, సాగు ఎవరిదని రాశారో కూడా చదవండి.

అమ్మమ్మ బతికుంటే మాత్రం ఆఫీసుకంటే ముందు ఆవిడ దగ్గర కూర్చోండి. "నీ కథ చెప్పు అమ్మమ్మా" అంటే "నాదేం కథరా" అంటుంది. "నీ పెళ్లికి మీ నాన్న ఏ చేను అమ్మాడు?" అని అడగండి. చేను పేరు, కొన్నవాళ్ల ఇంటిపేరు, దాని మీద జరిగిన గొడవతో సహా చెప్తుంది. ఆ కొన్నవాళ్ల పేరు మీదే సూచికలో వెతకడం మొదలుపెట్టండి.