గుండె జబ్బున్న పెద్దవాళ్లకు తుంటి విరిగితే ఆపరేషన్ ఆపాలా?

[తెర మీద: విరిగిన తుంటి ఎక్స్‌రే]

"అసలే గుండె వీక్, ఈ వయసులో ఆపరేషనా? నాలుగు రోజులు చూద్దాం." తాతయ్యకో అమ్మమ్మకో తుంటి విరిగితే చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. ఆ భయం సహజమే. కానీ గుండెకు ఎక్కువ భారమయ్యేది ఆ నాలుగు రోజులే.

విరిగిన ఎముక కదిలినప్పుడల్లా నొప్పి. ఆ నొప్పికి గుండె వేగం, బీపీ పెరుగుతాయి. తొడ లోపల రక్తం కారి హిమోగ్లోబిన్ పడిపోతుంది. మంచం దిగకపోతే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. అందుకే బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే సంస్థ నైస్ మార్గదర్శకాలు ఆసుపత్రిలో చేరిన రోజే, లేదంటే మర్నాడు ఆపరేషన్ చెయ్యమంటాయి.

[తెర మీద: హిప్ అటాక్ అధ్యయనం, 2020]

మరీ తొందరపడితే ముప్పు కాదా? హిప్ అటాక్ అనే అధ్యయనంలో మన దేశంతో సహా 17 దేశాల్లో 2,970 మందితో దీన్ని పరీక్షించారు. ఒక గుంపుకు సుమారు 6 గంటల్లో, ఇంకో గుంపుకు సుమారు 24 గంటల్లో ఆపరేషన్ జరిగింది. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, పెద్ద కాంప్లికేషన్లూ పెరగలేదు. త్వరగా చేయించుకున్నవాళ్లలో మాత్రం అయోమయంగా మాట్లాడటం తగ్గింది, ముందుగా లేచి నిలబడ్డారు.

ఆగాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసపడుతున్నా, గుండె లయ తప్పి నిమిషానికి 120కి మించి కొట్టుకుంటున్నా, అప్పుడే గుండెపోటు వచ్చినా ముందు దాన్ని అదుపులోకి తెస్తారు. ఎకో, అంటే గుండె స్కానింగ్, విషయం వేరు. గుండెలో మర్మర్ (అసహజ శబ్దం) వినిపిస్తే అయోర్టిక్ వాల్వ్, అంటే గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే కవాటం, సన్నబడిందేమో చూడటం మంచిదే. అది తెలిస్తే మత్తు డాక్టరు బీపీ పడిపోకుండా జాగ్రత్త పడతారు. కానీ ఎకో మంచం దగ్గరే చెయ్యొచ్చు, ఒక్క రిపోర్టు కోసం రెండు రోజులు గడిచిపోవడం నిజంగా బాధాకరం.

[తెర మీద: మాత్రల స్ట్రిప్‌లు, పక్కన చీటీ]

మీరు చెయ్యగలిగిన పెద్ద సాయం ఇదే. వాడే మాత్రలన్నీ కవర్లో వేసుకుని వెళ్లండి. రక్తం పలచబడే మాత్ర ఆఖరిసారి ఎప్పుడు వేశారో గంటతో సహా చీటీ మీద రాయండి. అపిక్సబాన్ లాంటివైతే ఆ గంటనూ, కిడ్నీల పనితీరునూ బట్టే ఆపరేషన్ టైం నిర్ణయిస్తారు. వార్ఫరిన్‌కు విరుగుడుగా విటమిన్ కె ఇస్తారు. క్లోపిడోగ్రెల్ ప్రభావం పోవడానికి వారం దాకా పడుతుంది, అన్నాళ్లు ఆగరు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ ఎప్పటినుంచో వేసుకుంటుంటే మామూలుగా కొనసాగిస్తారు. స్టెంట్ ఉన్నవాళ్లకు ఏ మాత్రా సొంతంగా ఆపకండి.

[తెర మీద: వార్డులో మానిటర్]

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు కీలకం. నొప్పి మందుల మధ్య గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే వచ్చిపోవచ్చు. గుండె కండరం దెబ్బతిన్నదేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్షలో అది బయటపడుతుంది, ఆ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. కొత్తగా ఆయాసం, చెమటలు, బీపీ పడిపోవడం, ఉన్నట్టుండి పొంతన లేని మాటలు కనిపిస్తే, ఛాతీలో నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే సిస్టర్‌ని పిలవండి.