చీకటి గ్లాసు ఎక్కడ?

సభకు నమస్కారం. పరిచయం చేసినవారు చెప్పాల్సినదానికన్నా ఎక్కువే చెప్పారు, ఆ పని నాకు తప్పింది. నేరుగా నీళ్ళలోకి దిగుతాను.

కాంతితో పనిచేసే పదార్థాలతో నీటిలో బాక్టీరియాను చంపడం గురించి మూడు ముక్కలు చెప్పాలి: పదార్థం, పూత, పరీక్ష. పరీక్షను ఆఖర్న పెడితే ఎవరి ప్రసంగంలోనైనా దానికి టైము మిగలదు. కాబట్టి మొదటి రెండూ గబగబా కానిచ్చేస్తాను.

టైటానియం డయాక్సైడ్ అంటే తెల్ల పెయింట్లలో వేసే పొడే. దాని అనటేజ్ అనే స్ఫటిక రూపానికి బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ పైకి లేవడానికి కావాల్సిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే సుమారు 387 నానోమీటర్లకంటే పొట్టి తరంగం, అంటే అతినీలలోహిత కాంతి, పడితేనే అది పనిలోకి దిగుతుంది. ఎలక్ట్రాన్ పైకి లేచి ఆక్సిజన్‌ను సూపరాక్సైడుగా మారుస్తుంది. అది వదిలిన ఖాళీ, అంటే హోల్, నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. రాడికల్ అంటే దొరికినదానితో వెంటనే చర్య జరిపే ముక్క, బాక్టీరియాను చంపేది ఇలాంటివే. టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడు వెలుతురులో నీటిని విడగొట్టగలదని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో చూపారు. 1985లో మత్సునాగా బృందం ప్లాటినం చేర్చిన టైటానియం డయాక్సైడ్ పొడితో సూక్ష్మజీవులను చంపింది.

ఎండలో ఆ అతినీలలోహిత వాటా నూటికి అయిదు కూడా ఉండదు. అందుకే కొందరు కంటికి కనిపించే వెలుగుతో పనిచేసే వాటి వైపు వెళ్ళారు: 460 నానోమీటర్ల దాకా పీల్చుకునే గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్ అనే పొడి, ఇంకా మిథిలీన్ బ్లూ, రోజ్ బెంగాల్ లాంటి రంగులు. ఈ రంగులు పుట్టించేది ముఖ్యంగా సింగ్లెట్ ఆక్సిజన్, అంటే శక్తి ఎక్కి చురుకైన ఆక్సిజన్. నీటిలో దాని ఆయుష్షు మూడు, నాలుగు మైక్రోసెకన్లు. హైడ్రాక్సిల్ రాడికల్ అంతసేపు కూడా ఉండదు, పుట్టినచోటే ఖర్చయిపోతుంది. కాబట్టి బాక్టీరియా వచ్చి పూతను తాకాలి. నీళ్ళు కదలకుండా నిలబెట్టి "పని చెయ్యట్లేదండీ" అంటే తప్పు పూతది కాదు.

ఇక పూత. నీటిలో పొడి కలిపి, పలచని నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 3 దగ్గరికి తెండి. పీహెచ్ 6 దగ్గర రేణువుల మీద విద్యుదావేశం పోయి ఉండలు కడుతుంది. అల్ట్రాసోనిక్ బాత్‌లో అరగంట ఉంచి, శుభ్రమైన గాజు పలకను ముంచి తీసి, ఆరబెట్టి, 450 డిగ్రీల దగ్గర గంట కాల్చండి. 600 దాటనిస్తే అనటేజ్ కాస్తా రూటైల్ అనే ఇంకో స్ఫటిక రూపం అవడం మొదలవుతుంది. మామూలు గాజులోని సోడియం వేడికి పూతలోకి ఎక్కి దాని పని తగ్గిస్తుంది. కింద సిలికా పొర వేసుకుంటే ఆ బాధ ఉండదు. పొడినే నీటిలో కలిపితే లీటరుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము చాలు, ఇంకా పోస్తే నీళ్ళు పాలలా అయి వెలుతురు లోపలికి దిగదు. పైగా ఇరవై నానోమీటర్ల ఆ పొడిని మళ్ళీ నీటిలోంచి తియ్యడం పెద్ద తలనొప్పి.

సరే, ఇప్పుడు అసలు విషయం. మీలో ఎందరు పోస్టర్లు పెట్టారు? వాటిలో చీకటి గ్లాసు ఉన్నవెన్ని?

నాలుగు గ్లాసులు కావాలి. వెలుతురూ పదార్థమూ రెండూ ఉన్నది ఒకటి, వెలుతురు మాత్రమే ఉన్నది ఒకటి, పదార్థం వేసి చీకటిలో పెట్టినది ఒకటి, రెండూ లేనిది ఒకటి. అతినీలలోహితం ఒంటరిగానే కొంత చంపుతుంది. దీపం కింద నీళ్ళు 45 డిగ్రీలు దాటితే వేడే చంపడం మొదలుపెడుతుంది, కాబట్టి గ్లాసులో థర్మామీటరు ఉండాలి. ఇదంతా రెండో గ్లాసు పట్టిస్తుంది. పూతలో వెండి కలిపారా? వెండి అయాన్లు చీకట్లోనే చంపేస్తాయి, పేరు మాత్రం కాంతికి వస్తుంది. అది మూడో గ్లాసు చెబుతుంది. డిస్టిల్డ్ నీటిలో వేసిన బాక్టీరియా ఎవరూ ముట్టుకోకుండానే తగ్గిపోవచ్చు, దానికి నాలుగోది. ఒక్క గ్లాసు పెట్టి గ్రాఫ్ గీస్తే అది ఫలితం కాదు, ముచ్చట.

డిస్టిల్డ్ నీరు అన్నాను కదా, ఇంకో మాట. తాగే నీటిలో బైకార్బనేట్ ఉంటుంది, కుళ్ళిన ఆకుల రసం ఉంటుంది. రాడికల్స్‌ను ముందు అవే మింగేస్తాయి. పీహెచ్ మారకుండా ఉంచే ఫాస్ఫేట్ బఫర్ వాడితే ఫాస్ఫేట్ పోయి టైటానియం ఉపరితలాన్నే కప్పేస్తుంది. పెంచిన ద్రవం కడగకుండా బాక్టీరియాను పోస్తే రాడికల్స్ ఆ పోషకాలతోనే పోట్లాడతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి మూడుసార్లు కడగండి. శుద్ధ నీటిలో గంటలో అయిన పని బావి నీటిలో ఎంతసేపు పడుతుందో కూడా పక్కనే చెప్పండి.

ఇప్పుడు ప్లేటు. మిల్లీలీటరుకు పది లక్షల బాక్టీరియాతో మొదలుపెట్టారు. రెండు గంటల తర్వాత 0.1 మిల్లీలీటరు అగార్ మీద, అంటే బాక్టీరియాను పెంచే జెల్లీ మీద, పరిచారు. ఒక్క కాలనీ, అంటే బతికిన కణం పెరిగి కంటికి కనిపించే చుక్క, లేదు. "నూటికి నూరు చచ్చాయి" అని రాసేశారు. కాదండీ! 0.1 మిల్లీలీటరులో సున్నా అంటే మిల్లీలీటరుకు పదికంటే తక్కువ అని మాత్రమే. తాగే నీటి ప్రమాణం అడిగేది 100 మిల్లీలీటర్లలో ఇ. కోలై అనే పేగుల బాక్టీరియా ఒక్కటీ ఉండకూడదని. మీరు చూసింది అందులో వెయ్యో వంతు! 100 మిల్లీలీటర్లు 0.45 మైక్రాన్ పొరలోంచి వడగట్టి, ఆ పొరను ప్లేటు మీద పెట్టి, అప్పుడు మాట్లాడండి. పొడి పట్టుకుని పది కణాలు ఒక ఉండ అయితే పది కాలనీల చోట ఒకటే లేస్తుంది. నమూనాతో పాటు పొడి ప్లేటు మీదికి వచ్చి, గది వెలుతురులో ఇంకా చంపుతూ ఉండొచ్చు కూడా. ప్లేట్లకు వెంటనే ఫాయిల్ చుట్టండి.

పదార్థాన్ని పరీక్షించడానికి నీటిలో వేసిన మిథిలీన్ బ్లూ రంగు పోయింది కాబట్టి బాక్టీరియా కూడా పోతుందనే వాదం... టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు, ఒక్క నిమిషం. ఆ రంగు తానే వెలుతురు పీల్చుకుని తనను తాను పాడుచేసుకోగలదు. దాన్ని సాక్ష్యంగా తేకండి.

చివరిది. క్లోరిన్ నీటిలో మిగిలి కాపలా కాస్తుంది. ఈ పద్ధతిలో దీపం ఆర్పాక ఏమీ మిగలదు. గాయపడ్డ కణాలు కొన్ని చీకట్లో మరమ్మతు చేసుకుని మళ్ళీ పెరుగుతాయి. అందుకే శుద్ధి చేసిన నీటిని మూతపెట్టి చీకట్లో 24 గంటలు, 48 గంటలు ఉంచి మళ్ళీ లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ మొదటి రోజు అంకె పక్కనే, అదే సైజు అక్షరాల్లో రాయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.