తెల్లవారితే సోమవారం: విదేశీయాత్రలో తేదీల తిరకాసు

[తెరపై విమాన టికెట్. "ఫిబ్రవరి 16, సోమవారం, 00:30" అన్న వరుస చుట్టూ ఎర్ర గీత.]

ఈ టికెట్ చూడండి. చెన్నై నుంచి సింగపూర్. ఫిబ్రవరి 16, సోమవారం, సున్నా సున్నా ముప్పై. మీరు నెల్లూరులో ఏ రోజు సాయంత్రం కారెక్కుతారు?

సోమవారం అన్నవారు, విమానం వెళ్లిపోయి పదిహేను గంటలు దాటాక బయలుదేరుతున్నారు.

నవ్వకండి, నేను చేసిన తప్పే ఇది. నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు, ఆరు పెట్టెలు. విమానాశ్రయం గుమ్మం దగ్గర జవాను టికెట్ చూశాడు, నా ముఖం చూశాడు, మళ్లీ టికెట్ చూశాడు. "ఇది నిన్న రాత్రే వెళ్లిపోయింది" అన్నాడు. మా అత్తగారు ఇప్పటివరకు ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే బాగుండేది.

ఏజెంటు లేకుండా సొంతంగా పిల్లలను తీసుకుని వెళ్లాలనుకునేవారు నన్ను అడిగేదెప్పుడూ వీసా గురించి, ఖర్చు గురించి. ఆ సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. ఏజెంటు చేసే పనిలో సగం తేదీలు సరిచూడటమే. ఆ సగం మనం చేసుకుంటే చాలు, ఈ రోజు అదే చెబుతాను.

ఈ తప్పు తెలివితక్కువతనం వల్ల జరగదు. మన ఇంట్లో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, పంచాంగం లెక్క అది. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారం. ఆ రాత్రి నెల్లూరు మూలాపేట మూలస్థానేశ్వరస్వామి గుడి దగ్గర జాగారం చేస్తున్న వారిని రెండు గంటలకు అడగండి, ఈ రోజు ఏమిటని. శివరాత్రి అంటారు. విమానసంస్థను అడిగితే, శివరాత్రి నిన్న కదా అంటుంది. దాని రోజు అర్ధరాత్రి పుడుతుంది మరి.

రైళ్ల విషయంలో మనకు ఇది కొత్త కాదు. నెల్లూరు, ఒంగోలు రెండూ మధ్యదారి స్టేషన్లు. రైళ్లు అర్ధరాత్రి, అపరాత్రి అని చూడకుండా వస్తాయి. ఒక రోజు ఆలస్యంగా టికెట్ పట్టుకుని వచ్చి, బెర్తు కోసం పోట్లాడే పెద్దమనిషిని మీరూ చూసే ఉంటారు.

అయితే ఈ చిక్కును మనవాళ్లు ఎప్పుడో విప్పారు. శుభలేఖ తీసి చూడండి.

[తెరపై శుభలేఖ]

"ఆదివారం రాత్రి 12 గంటల 30 నిమిషాలకు, తెల్లవారితే సోమవారం." ఎంత చక్కగా రాశారు! శుభలేఖ చదివి పెళ్లికి ఒక రోజు ఆలస్యంగా వెళ్లినవారు నాకైతే తారసపడలేదు. కాబట్టి టికెట్ కొన్న రోజే దాన్ని శుభలేఖ భాషలోకి మార్చి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. 15 ఆదివారం రాత్రి పన్నెండున్నర, తెల్లవారితే సోమవారం. కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూస్తారు కాబట్టి రాత్రి తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండాలి. నెల్లూరు నుంచి నాలుగు గంటలు వేసుకోండి, మద్రాసులో చివరి దారే ఎక్కువ సమయం తింటుంది. (మన జిల్లావాళ్లకు అది ఇంకా మద్రాసే.) పిల్లలు ఉంటే ఆదివారం నాలుగింటికే బయలుదేరండి. ఒంగోలువారు ఇంకో రెండు గంటల ముందు.

ఇక హోటలు. విమానం దాదాపు నాలుగు గంటలు ఎగురుతుంది, సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అంటే దిగేసరికి అక్కడ ఉదయం ఏడు. మీరు 16వ తేదీకి గది తీసుకున్నారు. గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి! పంచాంగం రోజు సూర్యోదయంతో, టికెట్ రోజు అర్ధరాత్రితో, హోటలు రోజు మధ్యాహ్నంతో పుడతాయన్నమాట. నిద్రలేని పిల్లలతో ఎనిమిది గంటలు ఎక్కడ కూర్చుంటారు? పెద్దవాళ్లు వెంట ఉంటే 15వ తేదీ రాత్రికి కూడా గది తీసుకోండి. ఉదయం వస్తామని హోటలుకు ముందే రాయండి, లేకపోతే రాలేదనుకుని గది ఇంకొకరికి ఇచ్చేయగలరు. అంత ఖర్చు వద్దనుకుంటే పెట్టెలు హోటల్లో పెట్టి, పిల్లలను ఏదైనా పార్కుకు తీసుకుపోండి. నేనైతే డబ్బు పెడతాను.

పాస్‌పోర్టు మీద గడువు జూలై అని ఉంటే జూలై దాకా చెల్లుతుందనుకుంటారు. సింగపూర్, మలేసియా లాంటి దేశాలు అక్కడ దిగే రోజుకు ఇంకా ఆరు నెలల గడువు అడుగుతాయి. జూలైలో ముగిసే పాస్‌పోర్టుకు ఫిబ్రవరిలోనే పొద్దుగూకినట్టు. ఇక్కడ తండ్రులు బోల్తా పడతారు. తమ పాస్‌పోర్టు పదేళ్లది, అది చూసి అందరిదీ బాగుందనుకుంటారు. 15 ఏళ్లలోపు పిల్లలది సాధారణంగా 5 ఏళ్లే. ప్రతి పుస్తకమూ తెరిచి చూడండి.

వీసా రెండేళ్లు అంటే రెండేళ్లు ఉండమని కాదు, ఆ రెండేళ్లలో వెళ్లవచ్చని. దిగాక ఎన్ని రోజులు ఉండవచ్చో మెయిలులో వస్తుంది, ఆ తేదీ చూసుకోండి. సింగపూర్‌లో దిగేవారు తమ వివరాలు ఇచ్చే రాక కార్డును (SG Arrival Card) దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. మన లెక్కలో 14, 15, 16. శనివారం ఇంట్లో కూర్చుని నింపేయండి. అది ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు.

కెమెరా బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, గబగబా చెప్పేస్తాను. కార్డు మిషను రూపాయలా, డాలర్లా అని అడిగితే డాలర్లే నొక్కండి, రూపాయల రేటు మనకు గిట్టదు. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. ఆవకాయ మాత్రం కౌంటర్లో ఇచ్చేసే పెట్టెలో. గసగసాలు సింగపూర్‌లోనూ దుబాయ్‌లోనూ నిషిద్ధం. ఇంట్లో కొట్టిన మసాలా పొడి తీసుకెళ్తుంటే అందులో ఏమేం వేశారో అత్తగారిని అడగండి. నేను అడగలేను, పైన చెప్పిన కారణం వల్ల.

తిరుగు టికెట్ కూడా ఇప్పుడే తీయండి. చెన్నైలో దిగేది 23వ తేదీ సోమవారం, 00:30. బయటికి వచ్చేసరికి మెట్రో ఉండదు. కారు ముందే మాట్లాడుకోండి. డ్రైవరుకు 23 అని చెప్పకండి. 22 ఆదివారం రాత్రి, తెల్లవారితే సోమవారం అనండి. "అయితే ఆదివారం సాయంత్రమే బయలుదేరాలి కదండీ" అని ఆయనే అంటాడు.

[బ్యాటరీ అయిపోయి తెర నల్లబడుతుంది]