ఇంట్లో పిట్ట ఉండగా ఇంకో పిట్టని తెస్తున్నారా?

హోస్ట్: నమస్కారం. ఈ వారం ఒక శ్రోత అడిగిన ప్రశ్నతో మొదలుపెడదాం. వాళ్లింట్లో రెండేళ్లుగా కాకటీల్ ఉంది, అంటే తల మీద తురాయి ఉండే చిన్న విదేశీ చిలక. పగలంతా ఒక్కతే ఉంటోందని ఇంకోటి తెస్తున్నారట. తెచ్చిన రోజే అదే పంజరంలో వదిలేయొచ్చా అంటున్నారు. ఏం చెప్తారక్కా?

అక్క: అస్సలు వద్దమ్మా. పంజరం సంగతి తర్వాత, అదే గదిలోనే వద్దు. కొత్తదాన్ని కనీసం నెల రోజులు వేరే గదిలో ఉంచాలి. వీలైతే 45 రోజులు.

హోస్ట్: అన్ని రోజులా? చూడ్డానికి హుషారుగానే ఉంటుంది కదా.

అక్క: చిక్కంతా అక్కడే. ఈ పిట్టలు జబ్బుని దాచేస్తాయి. నీరసంగా కనబడితే గద్ద ముందు దాన్నే తన్నుకుపోతుంది, అందుకని ఓపిక ఉన్నంతవరకూ మామూలుగానే తిరుగుతాయి. దుకాణంలో బోలెడు పిట్టలు ఒకేచోట ఉంటాయి, ఏది దేనికి ఏం అంటించిందో ఎవరికి తెలుసు? సిటకోసిస్ అని ఒకటుంది. ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే మనుషులకీ వస్తుంది, జ్వరం, దగ్గు, ముదిరితే న్యుమోనియా. ఇంకోటి పీబీఎఫ్‌డీ, ముక్కునీ ఈకల్నీ పాడుచేసే వైరస్. దాన్ని నయం చేసే మందు లేదు. ఈకల పొడితో కూడా పాకుతుంది. అందుకే తలుపు వేసి ఉండే గది కావాలంటున్నా.

హోస్ట్: రెండిటినీ చూసుకునేది ఒక్క మనిషే అయితే?

అక్క: వరస తప్పకూడదు. గింజలైనా నీళ్లైనా ముందు పాతదానికి, తర్వాతే కొత్తదానికి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. గిన్నెలు కలపకూడదు. ఇంకో మాట, గ్రాములు చూపించే చిన్న డిజిటల్ కాటా దానికోసమే ఒకటి కొనండి. పొద్దున్నే మేత వేయకముందు తూచి రాసుకోండి. కాకటీల్ సుమారుగా 80, 100 గ్రాములుంటుంది. అందులో పది గ్రాములు పోతే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు చిక్కిపోయినట్టే. ఈకలు కప్పేస్తాయి కాబట్టి కంటికి ఆనదు, కాటాకే తెలుస్తుంది. పక్షుల్ని చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రెట్ట పరీక్ష కూడా చేయించండి.

హోస్ట్: సరే, ఆ గడువు అయిపోయింది. ఆ తర్వాత?

అక్క: అప్పుడు పంజరాలు ఒకే గదిలో చెరో గోడ పక్కన పెట్టండి. చూసుకుంటాయి, అరుచుకుంటాయి, అరుచుకోనివ్వండి. రోజూ కొంచెం కొంచెం దగ్గరికి జరపండి, కానీ ఆనించొద్దు. ఊచల సందులోంచి కాలి వేళ్లు కొరికేస్తాయి. ఆఫ్రికన్ లవ్‌బర్డ్ అయితే మరీను! ఆ చిలక పిసరంత ఉంటుంది గానీ, బడ్జీ అనే ఇంకో చిన్న చిలక వేలు తెగేలా కొరుకుతుంది. వాటిని బడ్జీలతో గానీ కాకటీల్‌తో గానీ కలపమని నేను చెప్పను.

హోస్ట్: బయటికి ఎప్పుడు వదలాలి?

అక్క: పక్కపక్కన ఉన్నా బెదురు లేకుండా తింటూ, ఈకలు సవరించుకుంటూ నిమ్మళంగా ఉన్నప్పుడు. అది కూడా పాతదాని పంజరం దగ్గర వద్దు, అది దాని ఇల్లు. రెండిటికీ అలవాటు లేని చోటు చూడండి, హాల్లో టేబుల్ లాంటిది. ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసి, రెండు గిన్నెల్లో కొర్రలు ఎడంగా పెట్టండి. ఇక కాకటీల్ తల మీద తురాయినే చూస్తూ ఉండండి. కొద్దిగా లేచి ఉంటే కుదురుగా ఉన్నట్టు. నిటారుగా నిక్కబొడుచుకుంటే ఉలిక్కిపడింది. తలకి అతుక్కుపోయేలా పడుకోబెట్టి, ఒళ్లు ముందుకు వంచి, నోరు తెరిచి బుస్సుమందా, ఆ పూటకి ఆపేయండి. చెయ్యి పెట్టొద్దు, మధ్యలో ఒక అట్టముక్క అడ్డం పెట్టి దేని పంజరంలోకి దాన్ని పంపించండి.

హోస్ట్: పాతది అలుగుతుందా అక్కా?

అక్క: అలగదూ మరి! రెండేళ్లుగా మీ భుజం దానిదే కదా. పొద్దున్న ముందు దాన్నే పలకరించండి, ముందు దాన్నే బయటికి తీయండి. కొత్తదాని మోజులో దాన్ని పక్కన పెట్టేస్తే నాకు చాలా బాధేస్తుంది.

హోస్ట్: ఎంతకీ కలవకపోతే?

అక్క: కొన్ని కలవవు. ఎప్పటికీ వేరు పంజరాల్లోనే ఉంచండి, తప్పేం లేదు. ఒకదాని కూత ఇంకోదానికి వినబడుతుంటే అదీ తోడే. అందుకే రెండో పంజరానికి చోటు లేని ఇంట్లోకి రెండో పిట్టని తేవద్దంటాను.

హోస్ట్: తోడుగా రామచిలకని తెచ్చుకోవచ్చా అని ఇంకొకరు అడిగారు.

అక్క: వద్దు, అది నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకల్ని పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం ఏదీ కుదరదు. జాలిపడి కొన్నా సరే, ఆ డబ్బుతో రేపు ఇంకో తొర్రలోంచి ఇంకో పిల్లని తీస్తారు. ఎక్కడైనా అమ్ముతుంటే అటవీశాఖకి చెప్పండి. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటి విదేశీ చిలకల్ని తీసుకునేవాళ్లు మాత్రం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదైందో లేదో కాగితాలు అడిగి చూసుకునే డబ్బు కట్టండి.