ఇంటి పన్ను: కట్టాలని ఉంది, కట్టేదెలా?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, చాపల మీద చోటుంది.

నేను మున్సిపల్ రెవెన్యూ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏళ్ళ తరబడి ఇంటి పన్ను వసూలు చేశాను. అందుకని పన్నులే వద్దని చెప్పడానికి రాలేదు. వీధి లైటు వెలగాలన్నా, కాలవలో పూడిక తియ్యాలన్నా డబ్బు కావాలి. ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. మన విజయవాడ సింగ్‌నగర్‌లో గానీ, అటు కొండల మీద ఇళ్ళలో గానీ పన్ను ఎగ్గొడదామని చూసేవాళ్ళు తక్కువ. ఎందుకంటే ఆ రసీదుతో చాలా పనుంది. కరెంటు మీటరు కావాలన్నా, కుళాయి కావాలన్నా, రేపు పట్టా అడగాలన్నా పేదవాడు చూపించుకోడానికి ఉన్న కాగితం అదే. రసీదు ఉన్నంతమాత్రాన స్థలం మీద హక్కు రాదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. అయినా ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బట్టల కింద పెట్టి దాస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు ఆధార్ కార్డులతో పాటు నెత్తిన పెట్టుకుని బయటపడ్డ కాగితాల్లో ఈ రసీదులూ ఉన్నాయి.

కట్టాలని ఉన్నవాడు ఎందుకు కట్టలేకపోతున్నాడన్నదే ఇవాళ మాట్లాడుకోవాల్సింది.

మన రాష్ట్రంలో ఇదివరకు ఇంటి పన్ను అద్దె విలువ మీద వేసేవారు. ఈ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందన్నది లెక్క. ఇల్లు పాతదైతే తగ్గింపు, సొంతదారు కాపురముంటే 40 శాతం దాకా తగ్గింపు. ఆ పద్ధతిలో లోపాలు లేవని కాదు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ళకి రెండు రకాల పన్నులు నేనే చూశాను. కానీ అద్దె అన్నది ఆ పేటలో ఉండే మనుషులు ఎంత ఇవ్వగలరో దాన్నిబట్టి ఉంటుంది. ఆటోనగర్ మెకానిక్కులు ఉండే వీధిలో అద్దె వాళ్ళ సంపాదన దాటి మరీ ఎక్కడికీ పోదు.

2020 నవంబరులో చట్టం మార్చారు. 2021 ఏప్రిల్ నుంచి పన్ను ఆస్తి విలువ మీదకి మారింది. ఆస్తి విలువంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలో ఉన్న స్థలం రేటు, దానికి కట్టడం రేటు కలిపింది. నివాసానికైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం మధ్య పన్ను వెయ్యొచ్చు. వినడానికి చాలా చిన్న శాతం.

ఈ మార్పు ఊరికే రాలేదు. కరోనా కాలంలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే కొన్ని సంస్కరణలు చెయ్యాలని కేంద్రం షరతు పెట్టింది. ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ రేట్లకు ముడిపెట్టడం అందులో ఒకటి. దేశంలో ఆ షరతు ముందుగా తీర్చిన రెండు రాష్ట్రాల్లో మనదొకటి, మధ్యప్రదేశ్ ఇంకొకటి. మనకి 2,525 కోట్ల అప్పుకి అనుమతి దొరికింది. అప్పు తెచ్చుకుంది రాష్ట్రం, షరతు వచ్చి పడింది మన గుమ్మంలో.

రిజిస్ట్రేషన్ రేటు పెరిగితే అమ్ముకునేవాడికి సంతోషం. అమ్మే ఉద్దేశమే లేనివాడి సంగతేంటి? తాపీపని చేసే మనిషికి కూలి గజం రేటుతో పాటు పెరగదు. ఇంటి పక్కన వంద అడుగుల రోడ్డు వేస్తే స్థలం ఖరీదు పెరుగుతుంది, ఇంట్లో వండుకునే బియ్యం పెరగవు. ఆ వరదలో మునిగిన ఇళ్ళు కొన్ని ఇప్పటికీ చెమ్మవాసన కొడుతున్నాయి. రేటు పుస్తకం ప్రాంతాన్నీ రోడ్డునీ చూస్తుంది గానీ గోడని వాసన చూడదు.

ఇక ఏటా 15 శాతం పెంపు సంగతి. విలువ లెక్కన పన్ను ఎంత తేలినా, ముందటేడు కట్టినదాని మీద 15 శాతం మించి పెంచకూడదని నిబంధన పెట్టారు. ఇది ఊరట అని చెప్పారు. నిజమే, ఒక్కసారిగా రెట్టింపు కాకుండా ఆపింది. అయితే కాయితం, కలం తీసుకుని లెక్కెయ్యండి. మొదట 1,000 రూపాయలు కట్టే ఇల్లు. మరుసటేడు 1,150. ఆ మరుసటేడు 1,322. తర్వాత 1,520, 1,749, అయిదో పెంపుకి 2,011. కొత్త లెక్కలో తేలిన మొత్తం అందేదాకా ఈ మెట్లు ఎక్కుతూనే ఉంటాం. అయిదేళ్ళలో కూలి రెట్టింపైనవాళ్ళు ఈ సభలో ఉంటే చెయ్యెత్తండి. ... సరే.

మొత్తం చూస్తే పెద్ద సొమ్ము కాదనిపిస్తుంది. రెండు వేలకే ఇంత సభా అని ఒక పెద్దమనిషి నన్నడిగారు కూడా. ఆయనకి జీతం నెలనెలా ఒకటో తారీకున పడుతుంది. మన దగ్గర డబ్బు వారానికో, రోజుకో వస్తుంది, వచ్చినట్టే పోతుంది. పన్ను మాత్రం ఆర్నెల్లకోసారి మొత్తంగా కట్టాలి. ఏప్రిల్లోనే ఏడాది పన్నంతా కట్టేస్తే 5 శాతం రాయితీ. అది చేతిలో రొక్కం ఉన్నవాడికి. గడువు దాటితే నెలకి 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24. ఇది రొక్కం లేనివాడికి. ఉన్నవాడికి తగ్గింపు, లేనివాడికి వడ్డింపు. నేను ఉద్యోగంలో ఉండగా ఈ సంగతి ఎన్నిసార్లు పైకి రాసినా ఫైలు తిరిగొచ్చేది.

మా ఇంటికి కాగితాలు పట్టుకొచ్చే ఒకావిడ ఉంది. ఇళ్ళలో వంటపని చేస్తుంది. మూడేళ్ళ బకాయి నోటీసు చూపించి, "బాబాయ్, బ్యాంకులో గాజులు పెట్టి కట్టెయ్యనా?" అంది. లెక్కేసి చూస్తే బ్యాంకు వడ్డీయే తక్కువ. "పెట్టెయ్యమ్మా" అన్నాను, ఏం చెప్పను? ఆవిడ కట్టింది. ఆ మార్చి నెలాఖరులో వడ్డీ మాఫీ ప్రకటించారు. ఎదురింటాయన లక్షల బకాయి అట్టే పెట్టుకుని కూర్చున్నాడు, మాఫీలో కట్టి నవ్వుకుంటూ వెళ్ళాడు. ఈ మాఫీలు ఆగగలిగినవాడి కోసం. జప్తు నోటీసంటే భయపడి ముందే కట్టేసేవాళ్ళకి ఒక్క రూపాయీ వెనక్కి రాదు.

పేదవాళ్ళకి మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. మంచి నిబంధన, దాన్ని నేను మెచ్చుకుంటాను. అయితే ప్రభుత్వమే కట్టించిన టిడ్కో ఇళ్ళు మూడు రకాలు: 300, 365, 430 అడుగులు. మూడోది గీత దాటింది. జగనన్న కాలనీలన్న పేరుతో కట్టించిన ఇల్లు 340 అడుగులు. కొడుక్కి పెళ్ళయి పైన ఒక రేకుల గది వేశారా, గీత దాటినట్టే. ఆ గదికి ప్లాను లేదంటే అనధికార కట్టడం కింద పెనాల్టీ వెయ్యొచ్చు. మొత్తానికే అనుమతి లేని ఇంటికైతే అసలు పన్నుకి సమానంగా ఇంకో పన్ను. ఇది ఒకసారి కట్టి వదిలించుకునే జరిమానా కాదు, ఏటా వస్తుంది. ప్లాను గీయించుకునే స్తోమతే ఉంటే మనం కాలవ గట్టునెందుకు కట్టుకుంటాం?

అద్దెకుండేవాళ్ళు ఇది మాకు సంబంధం లేదనుకోకండి. ఓనరు పన్ను అద్దెలోనే దిగుతుంది.

హైదరాబాదులో ఏం చేశారో చూడండి. 2015 చివర్లో, ఏడాదికి 1,200 లోపు పన్నుండే ఇళ్ళకి 101 రూపాయలు చాలన్నారు. 2020 దీపావళికి, 15,000 లోపు కట్టేవాళ్ళకి ఆ ఏడాది సగం తగ్గించారు. రెండుసార్లూ కార్పొరేషన్ ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి. అందువల్ల నేనంత సంబరపడను గానీ, తగ్గించినా నగరం నడుస్తుందని మాత్రం తేలింది.

మనం అడగాల్సినవి అసాధ్యమైనవి కావు. కరెంటు బిల్లులా నెలనెలా, వడ్డీ లేకుండా కట్టనివ్వాలి. 375 గీతని టిడ్కో పెద్ద ఇంటి దాకా, కనీసం 450 దాకా జరపాలి. బియ్యం కార్డున్న కుటుంబం తన ఇంట్లో తనే ఉంటే పాత 40 శాతం తగ్గింపు తిరిగివ్వాలి. మాఫీ ఇచ్చే ఏడాది గడువులోపల కట్టినవాళ్ళకీ అంతే తగ్గింపు తర్వాతి బిల్లులో చూపించాలి. ఈ నాలుగోది నేను మొండిగా పట్టుకుంటాను, మిగతావి కమిటీ సర్దుకోవచ్చు.

కొలతల గురించి ఒక మాట. నోటీసులో రాసిన విస్తీర్ణం చాలాసార్లు తప్పుంటుంది. వరండా, మెట్ల కింద చోటు, పక్కింటి గోడ కూడా కలిపేసిన కేసులు నేను సరిచేశాను. అభ్యంతరం రాతపూర్వకంగా, నోటీసులో ఉన్న గడువులోపే ఇవ్వాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఇవాళ నోటీసులు తెచ్చినవాళ్ళు భోజనాలయ్యాక ఈ బల్ల దగ్గరకి రండి. పాత రసీదు కూడా తీసుకురండి, పన్ను లెక్కలో మీ ఇంటికిచ్చిన అసెస్‌మెంటు నంబరు దాని మీదే ఉంటుంది. టేపు నా దగ్గరుంది, దగ్గరి ఇళ్ళు సాయంత్రానికి కొలిచేద్దాం.